వసంతక్క అడగని మాట

పక్కింట్లో ఎవరో చెమ్మ ఆరని నూలుబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించినట్టున్నారు. చెన్నై షోళింగనల్లూరులోని మా బాల్కనీలోకి ఆ వెచ్చటి వాసన రాగానే చేతిలో పని ఆగిపోయింది. వసంతక్క గుర్తొచ్చింది.

మా పాపకు పుట్టుకతోనే పైత్యరసం పారే నాళాలు మూసుకుపోయాయి. తొమ్మిదో నెలకు కళ్లు మరీ పచ్చబడి, పొట్ట ఉబ్బి, పాలు కూడా ఇమడని స్థితి వచ్చింది. ఒంగోలు నుంచి చెన్నై తీసుకొస్తే కాలేయం మార్చడం తప్ప దారి లేదన్నారు. కోడంబాక్కంలో మాకు మేడమీద గది అద్దెకిచ్చింది వసంతక్క. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం ఆమెది. సినిమా స్టూడియోల్లో దుస్తుల పని చేసి మానేసింది. క్రిములు అంటకుండా పాప బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి తొడగాలని డాక్టర్లు చెప్పారని తెలిసిన రోజు నుంచి ఆ పని తనే చేసింది. "హీరోయిన్ చీరక్కూడా ఇంత భయపడలేదు అమ్మణ్ణీ" అని నవ్వేది.

మా ఆయన కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. నాది సరిపోయింది; అందులో ఒక ముక్క తీసి పాపకు పెడతారట. "తల్లివి కదా, ఇస్తావులే" అన్నారు అందరూ. నాకు మాత్రం పొట్ట కోస్తారంటే భయం. ఆ భయాన్ని తలచుకుని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ఏడ్చేశాను.

"నాకు భయంగా ఉందక్కా. ఇవ్వలేనేమో."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఈడ నాకు చెప్పితే ఏం లాభం? ఆడ డాక్టరమ్మకు చెప్పు. నేనూ వస్తా పద."

డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. "మీకు ఇష్టం లేకపోతే, మీరు దాతగా పనికిరారని మాత్రమే ఇంట్లో చెబుతాం. కారణం చెప్పం" అంది. అప్పటిదాకా నా ఇష్టం ఎవరూ అడగలేదు. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. భయం పోలేదు. అయినా "ఇస్తాను" అన్నాను. ఈసారి ఆ మాట నాది.

బయట బెంచీమీద వసంతక్క, ఆమె భుజంమీద నిద్రపోతున్న పాప. ఏం చెప్పానని ఆమె అడగలేదు.

"ఆకలేస్తా ఉందా? పద, ఇడ్లీ తిందాం."

తింటూ నేనే చెప్పాను. "కాదని వచ్చుంటే?" అని కూడా అడిగాను.

"అప్పుడూ ఇడ్లీ తినే ఉందుము" అంది.

ఆపరేషన్ అయ్యాక పాప కళ్లలోని పసుపు కొద్దికొద్దిగా తగ్గింది. మొదటిసారి చూడనిచ్చిన రోజు వసంతక్క అద్దం బయటే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాలు మాదిరి ఉండాయే కళ్లు" అంది. పాప పరీక్షల కోసమని మేము ఈ ఊళ్లోనే ఉద్యోగాలు వెతుక్కున్నాం. ఆరేళ్లపాటు నెలకోసారైనా ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లం. తర్వాత ఒక సెలవుల్లో మేము ఒంగోలులో ఉండగా ఆమె గుండె ఆగిపోయింది. మాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు పాపకు తొమ్మిదేళ్లు. ఏటా పరీక్షలకు వెళ్లినప్పుడు ఆసుపత్రి వరండాలో ఎవరో ఒక తల్లి నాతో మాట కలుపుతుంది. ధైర్యంగా ఉండమని నా నోట రాదు. ఏం నిర్ణయించుకున్నావని అడగను. తిన్నావా అని అడుగుతాను. ఆ రోజు నేను కాదని తిరిగొచ్చినా వసంతక్క నా పక్కనే నడిచేది. ఆ నమ్మకమే ఇన్నేళ్లుగా నన్ను నిలబెట్టింది. ఆ మాట ఆమెతో ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.