కాలనీ క్యాలెండరు ఫోటో

నాకు ఫోటోల పిచ్చి పట్టుకుంది నైట్ డ్యూటీ దిగి వస్తున్న ఒక పొద్దున. స్టీల్ ప్లాంటు గేటు దాటి స్కూటరు మీద వస్తుంటే కొండల మీద మంచు, దాని వెనక ఫర్నేసు ఎరుపు ఇంకా ఆరని ఆకాశం. బండి ఆపి ఫోన్లో తీశాను. ఇంటికెళ్లి పడుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తరవాత కెమెరా కొన్నాను, స్టాండు కొన్నాను. సెలవు దొరికితే చాలు, యారాడ కొండో, ఆనందపురం పొలాలో. ఇంట్లోవాళ్లకి కనబడడం మానేశాను.

అంతా బాగానే ఉండేది, పక్క క్వార్టరులో ఉండే నా తోటి ఉద్యోగి కూడా మొదలుపెట్టేదాకా. "నాను కూడా తీత్తాను బావా" అన్నాడు. వాడికున్నది అద్దం పగిలిన ఫోను. అయినా కాలనీ వాట్సాప్ గ్రూపులో నా ఫోటోకి ఇద్దరో ముగ్గురో చప్పట్లు కొడితే, వాడిదానికి తెర నిండిపోయేది. కడుపు మండిపోయేది నాకు. పైగా నా ఫోటోకి అందరికన్నా ముందు దండం బొమ్మ పెట్టేది వాడే. దానికి ఇంకా మండేది.

మా కాలనీ సంఘం ఏటా క్యాలెండరు వేస్తుంది. పైన ఒకే ఒక్క ఫోటో. అది నాదే కావాలి. తుఫాను వెళ్లిపోయిన మర్నాడు ఆకాశం కడిగినట్టుంటుంది కదా, అప్పికొండ తీరంలో సూర్యోదయం తీద్దామనుకున్నాను. కానీ ఆ ముందు రాత్రి డ్యూటీ నాది. వాడిది మర్నాడు మధ్యాహ్నం. మాలో డ్యూటీలు మార్చుకోవడం మామూలే, అడిగితే కాదనకూడదు. అడిగాను. రాత్రంతా పనిచేసినవాడు పొద్దున్న ఒళ్లు తెలీకుండా పడుకుంటాడు గానీ ఫోటోలేం తీస్తాడని నా లెక్క.

"దానికేటి బావా, నీ నైట్ నాను సేసెత్తాను. నువ్వెల్లు" అన్నాడు.

తెల్లవారుతుండగా బండ మీదికెక్కి స్టాండు వేశాను. చుట్టుపక్కల మనిషి లేడు. సూర్యుడు మబ్బులోంచి బయటపడ్డాక తీస్తూనే ఉన్నాను. ఇంతలో వెనకనుంచి పిలుపు.

"బావా, టిఫినట్టుకొచ్చాను, రా! సముద్రం ఎక్కడికీ పోదు, ఇడ్లీ సల్లారిపోద్ది."

డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా, పొట్లం పట్టుకుని నా కోసం వచ్చాడు. తిన్నాను. కారప్పొడి కూడా వేయించుకొచ్చాడు.

క్యాలెండరు వచ్చింది. ఫోటో వాడిది. అదే తీరం, అదే పొద్దు. బండ మీద వంగి కెమెరాలోకి చూస్తున్న మనిషి, చుట్టూ వెలుగు. ఆ మనిషిని నేనే. నా ఫోటోలో ఆకాశం ఉంది, నీళ్లున్నాయి, అంతే.

మా ఆవిడ దాన్ని హాల్లో తగిలించింది. "ఏటండీ, మీరింత బాగుంటారని నాకు తెలీనే తెలీదు" అంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. ఏడాది పొడుగునా నాకు ఇదే మంట.

వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు, అదింకో ఏడుపు. ఆ పొద్దున్న బండ మీద వాడుండి, ఇసకలో నేనుంటే ఏం చేసేవాణ్నో నాకు తెలుసు. ఫోటోకి అడ్డొస్తున్నావు, పక్కకి జరగరా అని అరిచేవాణ్ని.