వరసలో వచ్చే కబురు

ముప్పై ఏళ్లు రైల్వే ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుని ఊరందరి ప్రశ్నలకూ జవాబు చెప్పినదాన్ని. రిటైరయ్యాక అడగడం నా వంతయింది. అందుకే, చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో నా పక్కన నిలబడి పాడిన స్నేహితురాలి సమాధి కార్యక్రమం నాకెలా తప్పిపోయిందో తేలేదాకా ఊరుకోలేకపోయాను.

తెలుగునేలకు దూరంగా ఉన్న ఈ రైల్వే ఊళ్లో ఆమె ఉండేది మలంచా పేటలో, నేను ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో. ఆటోలో పావుగంట. మా చిన్నతనంలో ఎవరైనా పోతే చర్చి కాపలాదారు సైకిలు మీద గడపగడపకూ వచ్చి చెప్పేవాడు. ఆయన తర్వాత ఆ పని సోషల్ మీడియాలోని మా సంఘం గ్రూపుకి అప్పజెప్పేశాం. ఉన్నట్టుండి గుండె ఆగి ఆమె పోయింది. 'ప్రభువునందు నిద్రించారు' అన్న పోస్టు నా ఫోనులో మూడో రోజు కనిపించింది, ఒక చీరల ప్రకటనకీ ఎవరిదో పుట్టినరోజు కేకుకీ మధ్యన. అంతకన్నా ఘోరం, ఆమెను సమాధి చేసిన రోజే నేను అదే గ్రూపులో చేపల పులుసు ఫోటో పెట్టాను.

పరుగున వెళ్తే ఆమె కూతురు గుమ్మంలోనే నిలబడింది.

"గ్రూపులో పెట్టినాం కదా అత్తా. నీ పులుసు ఫోటో అందరం సూసినాం. నిన్నే సూడనేదు," అంది.

లోపలికి రమ్మనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

నా ఫోనులో ఏది ముందు చూపించాలో ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. చర్చికి కొత్తగా వస్తున్న ఒకమ్మాయిని అడిగాను. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి ఇంజినీరింగ్ సంస్థలో రీసెర్చ్ చేస్తోంది. మనం దేని దగ్గర ఎక్కువసేపు ఆగుతామో ఆ గ్రూపులు నడిపే కంపెనీ అంచనా వేసుకుని, ఆ వరసలో చూపిస్తుందట.

"సావు కబురు దగ్గర నేనాగననుకున్నాదేటి?" అన్నాను. ఆమె నవ్వబోయి మానేసింది.

తనూ మరికొందరు విద్యార్థులూ సొంతంగా నడుపుకునే అలాంటి వేదికే ఇంకొకటుందనీ, దాని ప్రోగ్రాం ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చనీ చెప్పింది.

"దానికి ఓనరెవులమ్మా?"

"ఓనరంటూ ఎవరూ లేరు ఆంటీ. మేమే చూసుకుంటం."

ఓనరు లేని కొట్టు నేనెక్కడా చూడలేదు. మరి వరస ఎవరు పెడతారని పట్టుబట్టాను. ఆమె లాప్‌టాప్ నా వైపు తిప్పి, చీమల బారులా ఉన్న రాతలో ఒక్క లైను మీద వేలు పెట్టింది. కొత్తది పైన, పాతది కింద. అంతే. మిగతాది అక్షరం ముక్క అర్థం కాలేదు. అయినా, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో బండి ఎందుకు లేటైందో ఇలా వేలు పెట్టి చూపించినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. సంతోషం పట్టలేక మళ్లీ చూపించమన్నాను.

మా సంఘానికి అందులో ఒక చోటు పెట్టించాను. రమ్మంటే ఒకరికి పాస్‌వర్డు బెంగ, ఒకరికి పాత ఫోటోల మీద మమకారం. అందరూ పాత గ్రూపులోనే ఉన్నారు కదా అన్నది అందరి మాటా. నెల తిరిగేసరికి పట్టుమని పదిమంది చేరారు.

ఒక ఉదయం టీ పొయ్యి మీద పెట్టి ఫోను తెరిస్తే అన్నిటికన్నా పైన ఉంది: ఖరిదా పేటలో మా సంఘ పెద్ద పోయారు, సాయంత్రం నాలుగింటికి సమాధి. పాస్టరు గారు రెండు చోట్లా పెట్టారు. పాత గ్రూపు తెరిస్తే నాకు ముందుగా వచ్చింది ఎవరిదో పెళ్లి వీడియో. పొయ్యి ఆపి చెప్పులేసుకున్నాను. ఆ పదిమందిలో లేని ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే కొట్టుకుంటూ వెళ్లి, చివరికి మలంచా ఆటో ఎక్కాను.

మళ్లీ అదే గుమ్మం, నా స్నేహితురాలి కూతురే. విషయం చెప్పాను.

"మా సండేస్కూలు తాతగారా?" అంది. "గ్రూపులో ఏటీ నేదే అత్తా!"

ఫోను తీసి కిందకీ పైకీ లాగింది. చాలాసేపటికి పోస్టు దొరికింది. పాస్టరు గారు దాన్ని పెట్టి అప్పటికే నాలుగు గంటలు గడిచాయి. ఆమె ఆ టైము మీద వేలు పెట్టి నాకు చూపించి, గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"లోపలికి రా అత్తా," అంది. "టీ తాగు. సాయంత్రం ఇద్దరం కలిసే ఎల్దాం."