మానింది

కాలేజీ గుమాస్తా నన్ను "ఏమ్మా, ఇంకా మానలేదా?" అని మూడుసార్లు అడిగాడు. మొదటిసారి జూలైలో, ఫీజు కిటికీ దగ్గర. రెండోసారి దసరా సెలవులకు ముందు, వరండాలో, నలుగురూ వింటుండగా. మూడోసారి సంగతి తరవాత చెబుతాను. ఆయన చెడ్డవాడు కాదని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కాదని నేనూ అనను. అడిగిన మాట మాత్రం నిజం.

అవి యాభైల నాటి రోజులు. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారికి బజారులో బెల్లం, చింతపండు కొట్టు ఉండేది. నేను పొద్దున్నే పాసింజరులో ఆడవాళ్ళ పెట్టె ఎక్కి ఏలూరు కాలేజీకి వెళ్ళేదాన్ని. ఇంటర్మీడియట్‌లో చరిత్ర, తర్కం ఉన్న గ్రూపు నాది. ఆ ఏడే కొత్తగా తెరిచారు. లెక్కల గ్రూపులో బెంచీలు చాలక కిటికీల మీద కూర్చునేవారు. మేము పదహారు మందిమి మొదలై, దసరా నాటికి ఎనిమిది మందిమి మిగిలాం.

పోయినవాళ్ళలో సరదాకి పోయినవాళ్ళెవరూ లేరు. ఒకతనికి తపాలా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ముదినేపల్లి నుంచి వచ్చే అతను, తండ్రి మంచాన పడ్డాడని ఊడ్పులకు వెళ్ళి ఇక తిరిగి రాలేదు. ఇంకొకతను పదకొండేళ్ళు తెలుగులో చదివి వచ్చి, ఇంగ్లీషు పాఠం ముందు బిక్కచచ్చి కూర్చునేవాడు. ఒకరోజు మా బెంచీ దాకా వచ్చి, పుస్తకంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఆడపిల్లలతో మాట్లాడటానికి అతనికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. రైలు వేళయిందని, రేపు చెబుతానని అన్నాను. రేపటికి అతను టి.సి. తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా గుమాస్తా రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి, పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసేవాడు. గీత ఎక్కడా వంకర పోయేది కాదు.

ఎనిమిది మంది కన్నా తగ్గితే గ్రూపు ఎత్తేస్తామని ప్రిన్సిపాలుగారు చెప్పేశారు. ఎత్తేస్తే మగపిల్లలు బందరో కాకినాడో పోతారు. నన్ను ఎవరు పంపుతారు? సాయంత్రం రైలుకి ఇల్లు చేరుతుంది కాబట్టి చదివిస్తున్నానని నాన్నగారు అందరితోనూ అనేవారు. గ్రూపు ఉంటేనే నా చదువు.

క్లాసులో ఇంకొక ఆడపిల్ల ఉండేది. వాళ్ళది కొల్లేటికోట. వాళ్ళ నాన్నది చేపల వేట. ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. దసరా సెలవులకు ఊరు వెళ్ళి, దోనె దిగుతూ జెల్ల చేప ముల్లు తొక్కింది. కాలు వాచి, చీము పట్టింది. సెలవులైపోయి రెండు వారాలైనా రాలేదు. చీటీ పంపకుండా అన్నాళ్ళు రాకపోతే పేరు కొట్టేస్తారు.

అప్పుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం గుమాస్తా నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"మీ స్నేహితురాలు మానిందటమ్మా. ఊరి నుంచి మనిషొచ్చి చెప్పాడు. మీ గ్రూపు ఏడుకి దిగింది."

రిజిస్టరు నా వైపు తిప్పాడు. ఎర్ర గీత ఇంకా తడిగా ఉంది.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. గ్రూపు పోతున్నందుకు కాదు, నాతో ఒక్క మాట చెప్పకుండా మానినందుకు. శనివారం కాలేజీకి వెళ్ళలేదు. ఇంక రైలు ఖర్చెందుకని నాన్నగారు నెమ్మదిగానే అన్నారు. సోమవారం మాత్రం వెళ్ళాను, కాలేజీకి కాదు. నా తర్కం నోట్సు ఆమె దగ్గర ఉండిపోయింది. అది తెచ్చుకుని, సామాను కోసం వచ్చి ఉంటే ఆమెను నాలుగూ అడిగేసి రావాలని మేనత్త ఇంటికి వెళ్ళాను.

ఆమె వీధి అరుగు మీద కూర్చుని జడ వేసుకుంటోంది. కాలికి గుడ్డ కట్టు. పక్కన పుస్తకాలు.

"కాలేజీకి వేళవుతోంది, ఇటొచ్చావేమే?" అంది.

"నువ్వు మానేశావుగా."

"నేను మానడమేమిటి? కాలు మానిందని కబురు పంపించాంగా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏలూరు బజారుకి చేపల గంపలు తెచ్చే వాళ్ళ ఊరి మనిషి చేత చెప్పి పంపారట. ఆ మనిషి కిటికీ దగ్గర నిలబడితే గుమాస్తా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల సంగతేమిటని అడిగాడట. "మానిందండీ," అన్నాడట ఇతను. సోమవారం నుంచి వస్తుందని చెప్పబోతే, సరే వెళ్ళవయ్యా అన్నాడట. ఇదంతా కాలేజీ బంట్రోతు తరవాత చెప్పాడు. మన భాషలో పుండూ మానుతుంది, మనిషీ మానుతుంది. మగపిల్లవాడైతే "మానాడు" అనాలి కాబట్టి ఈ తంటా రాదు. ఆడపిల్లకీ ఆడపిల్ల కాలికీ కలిపి ఒకటే మాట పెట్టినవాళ్ళ మీద కూడా నాకు కోపం ఉంది.

ఆమెను రిక్షా ఎక్కించి కాలేజీకి తీసుకుపోయాను. నన్ను చూడగానే గుమాస్తా మూడోసారి అడిగాడు, "ఏమ్మా, ఇంకా మానలేదా?" అని.

"నేను పుండును కాదండీ, మానడానికి. శుక్రవారం మానింది ఈవిడ కాదు, ఈవిడ కాలు. చూసుకోండి."

కొట్టేసిన పేరు మళ్ళీ రాయడం కుదరదన్నాడు. నేను కదలలేదు. గంట కొట్టారు, కదలలేదు. మా తర్కం లెక్చరరు అటు వస్తూ విని, నవ్వి, ప్రిన్సిపాలుగారి దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆ తరవాత ఆయన ఏటా క్లాసులో ఈ "మానింది" ఉదాహరణే చెప్పేవారట. ఎవరు పట్టుకున్నారో మాత్రం ఏనాడూ చెప్పలేదట.

పేరు రిజిస్టరులో అడుగున మళ్ళీ రాశారు. పైన ఎర్ర గీత అలాగే ఉంది కాబట్టి, పక్కన "పొరపాటున కొట్టివేయబడినది" అని రాయమన్నాను. సిరా ఎండే దాకా అక్కడే నిలబడ్డాను. గ్రూపు నిలిచింది.

వరండాలోకి వచ్చాక ఆమె స్తంభానికి ఆనుకుని కాలు ఎత్తి పట్టుకుంది. "ఆయనంటే నన్నెరగడు. నువ్వెలా నమ్మావే?" అంది.

కోపంగా అనలేదు. ఆమె పుస్తకాలు కూడా నేనే తీసుకున్నాను. క్లాసులో ఆమె బెంచీ లోపలి వైపుకి జరిగి, నాకు చోటిచ్చి, కాలు చాపుకుని కూర్చుంది. లెక్చరరు హాజరు పిలిచారు. ఎనిమిదో పేరు చివర్న వచ్చింది.