తెగాల్సిన అతుకు

పోయిన శుక్రవారం మా చెల్లెలు కన్నుమూసింది. కడసారి చూపుకు వచ్చిన వాళ్లలో సగం మంది దాని శిష్యులే. అందరూ "తాబేళ్ల మేడం" అనే తలుచుకున్నారు. బోరు వేస్తే దుమ్ము లేచే అనంతపురంలో ఉంటూ సముద్రపు తాబేళ్ల మీద బెంగ పెట్టుకున్న మనిషిని ఇంకేమంటారు?

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఏటా చలికాలం సెలవు పెట్టి, గుంతకల్లులో రైలెక్కి తీరానికి పోయేది. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ల మెడలకూ, తెడ్లలాంటి కాళ్లకూ చుట్టుకున్న వలముక్కలు కోసుకుని, సంచితో నేరుగా ధర్మవరంలో మా ఇంటికి దిగేది. ఆ కంపుకు వీధికుక్కలు మా గడపదాకా సాగనంపేవి.

"ఏమే, ఈడ బతికుండే గొర్రెలు నీ కంటికి ఆనవా?" అనేదాన్ని.

"గొర్రెలకు నువ్వుండావు గదక్కా."

నేను బడిపంతులమ్మను. ఆ మాట నా క్లాసు మొత్తానికీ తగిలేది.

ఒక ఏడు నాకే పని పెట్టింది. వలలో రెండు ముక్కలు కలిసేచోట, చేప గుంజితే ఆగి, తాబేలు గుంజితే తెగే అతుకు కావాలంది. తాబేలు ఊపిరికి పైకి రావాలి. వల వదలకపోతే నీళ్లలోనే చస్తుంది. మాది నేతగాళ్ల ఇల్లు. వేళ్లకు బూడిద అద్దుకుని పాత పడుగు పోగుకు కొత్త పోగు మెలిపెట్టడం మాకు అక్షరాలకంటే ముందే వచ్చింది.

పెరట్లో దూలానికి వలముక్క కట్టి, బకెట్ వేలాడదీసి బరువు చూశాం. నీళ్లు పోద్దామంటే మా వీధి కుళాయికి మేము వారానికోసారే గుర్తొచ్చేవాళ్లం. రాళ్లు వేశాం. వాటికి మాకెన్నడూ కరువు లేదు. అనుకున్న బరువుకే అతుకు తెగింది. మిగతా అతుకులన్నీ నేనొక్కదాన్నే కూర్చుని వేసి పంపాను.

తీరంలో జాలర్లంతా వద్దంటే, ఒక పెద్దాయన మాత్రం తన వలకు వేసుకోవడానికి ఒప్పుకున్నాడట. "వల తెగకూడదని దణ్ణం పెట్టుకుంటాం, నువ్వు తెగమంటావేంటమ్మా" అని నవ్వుతూనే తీసుకున్నాడట.

తిరిగొచ్చి చెల్లెలు ఒక వలముక్క నా ముందు పెట్టింది.

"నీ అతుకు తెగల్యా అక్కా. తాబేలు సచ్చిపోయినాది."

చూశాను. ప్రతి అతుకుకూ ఒక మెలిక ఎక్కువ. తెగకూడదని నేర్చిన వేళ్లు నన్నడక్కుండానే వేసేశాయి. ఊరందరి తప్పులూ దిద్దే నేను ఆ పూట నా మెలికలు వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను.

అది తిట్టలేదు. "మళ్లా వేద్దాం. మెలికలు నేను సూసుకుంటా, నువ్వు మాట్లాడాకు" అంది. నోరు మూసుకుని నేను చేసిన పని ఈ జన్మకు అదొక్కటే.

మరుసటి చలికాలం ఫోను. "అక్కా, తెగింది! పెద్దాయన పడవలో నేనూ ఉన్న్యా. ఒక్కసారి రాక్కా, సూద్దువు."

"వస్తాలేవే" అన్నాను. పోలేదు. ముందు నా మోకాళ్లు అడ్డమొచ్చాయి, తర్వాత దాని జబ్బు. దాని పక్కన నిలబడి చూడాల్సింది. ఇప్పుడెవరైనా తీసుకుపోతామన్నా, ఒక్కదాన్నే చూసి ఏం చేసుకోను?

ఫోనులో అది చెప్పిందే నాకు మిగిలిన సముద్రం. వల విచ్చుకుంది. తాబేలు పడవ పక్కనే తల పైకెత్తి, ఒక్క ఊపిరి పీల్చుకుని, మునిగిపోయింది. చెల్లెలు పడవ అంచు పట్టుకుని ముందుకు వంగి, నీళ్లు కదలడం మానేదాకా అక్కడే చూస్తూ ఉంది.