మామగారి అంబాసిడరూ, నా బ్రేకు వైద్యమూ

ఒక మనిషి ఒక్క రోజులో కారునూ, పెళ్లిపందిరినీ, అత్తారింట్లో తన పరువునూ కలిపి ఆగం చేయగలడా అని మీకు అనుమానం ఉంటే, జర దగ్గరికి జరిగి కూర్చోండి. చేయగలడు. నేను చేశాను.

మా మామగారికి ఖిలా వరంగల్‌లో ఇల్లు, బజారులో బియ్యం దుకాణం, ఆ రెండింటికంటే ఎక్కువ ప్రేమగా చూసుకునే తెల్ల అంబాసిడరు ఉన్నాయి. నా భార్య స్వప్న పెళ్లికూతురిగా ఆ కారులోనే వచ్చింది. చిన్నకూతురు కూడా తన పెళ్లికి అందులోనే ఫంక్షన్ హాలుకు పోవాలని ఆయన పంతం. కానీ ఆ కారు, బ్రేకు తొక్కితే కాసేపు ఆలోచించుకుని గానీ ఆగడం లేదు. "ఇగ అద్దె కారే మాట్లాడాలె," అని ఆయన మొహం వేలాడేశారు.

నాకు జాలేసింది. హనుమకొండలో పెన్నులూ నోటుబుక్కులూ అమ్ముకునేవాణ్ణి, నా పని నేను చూసుకోవచ్చు కదా! ఫోనులో రెండు వీడియోలు చూసి, "ఫికర్ చేయకుండ్రి మామా, బ్రేకులు నేను ఇంట్లనే కొత్తగ చేస్త," అనేశాను.

ఆయన నన్నూ, కారునూ మార్చి మార్చి చూశారు. "మీ ఇష్టం అల్లుడుగారూ," అన్నారు.

మీకొక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో అల్లుడికి ఎదురు చెప్పరు. పప్పులో ఉప్పు లేదని నేనంటే, ఉప్పు కషాయమైనా సరే, లేనట్టే. ఇక అత్తమ్మ అయితే నాతో నేరుగా మాట్లాడదు. నేను ఎదురుగా నిలబడ్డా సరే, మాట స్వప్న మీదుగా తిరిగి రావాల్సిందే.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే చక్రాలు ఊడదీసి, కొత్త బ్రేకు షూలు బిగించాను. ఇక మిగిలింది బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని తీయడం. లోపల ఒకరు పెడల్ తొక్కాలి. చక్రం దగ్గర ఇంకొకరు స్క్రూ వదులు చేస్తే, నూనెతోపాటు గాలి బుడగలు బయటికొస్తాయి. మోకాళ్లు వంగని మామగారిని సీట్లో కూర్చోబెట్టి, నేను చక్రం పక్కన పడుకున్నాను.

"తొక్కుండ్రి మామా!"

"తొక్కిన."

స్క్రూ తిప్పాను. బుడబుడమంది.

"ఇగ వదలుండ్రి!"

"ఇప్పుడే వదలాల్నా?"

"నేను చెప్తున్న గద మామా!"

"మీ ఇష్టం," అని కాలు తీశారు. అప్పుడు నేను తీరిగ్గా స్క్రూ బిగించాను.

మధ్యాహ్నం దాకా ఇదే వరస. ఎంత తీసినా బుడగలు వస్తూనే ఉన్నాయి. "ఎన్నేండ్ల గాలి పట్టిందో చూడుండ్రి!" అని నేను మురిసిపోయాను. మామగారు మళ్లీ పెడల్ మీద కాలు పెట్టారు.

సాయంత్రం పరీక్ష. ఇంటి ముందు గల్లీ కొంచెం పల్లం. కింద పందిట్లో పెళ్లికొడుకు తండ్రి, మామగారి కొత్త వియ్యంకుడు, ప్లాస్టిక్ కుర్చీలో చాయ్ తాగుతున్నారు. ఆయనకు నా పనితనం చూపిద్దామని, ఇంజను వేయకుండానే కారును పల్లంలోకి వదిలాను. బ్రేకు తొక్కాను. పెడల్ పరుపులోకి దిగినట్టు నేలదాకా దిగింది. హ్యాండ్‌బ్రేకు లాగాను. దాని తీగ నేనే విప్పి అరుగు మీద పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది.

కారు మెల్లగా, పెళ్లినడక నడుస్తోంది. ఇంటిల్లిపాదీ పక్కనే నడుస్తున్నారు.

"స్వప్నా," అంది అత్తమ్మ తాపీగా, "బ్రేకు పడ్తలేనట్టున్నది, మీ ఆయనకు చెప్పు."

"బ్రేకు పడ్తలేదంట," అంది స్వప్న కిటికీలోంచి.

"నాకు తెలుసు!"

"ఆయనకు తెలుసంటనే అమ్మా."

"గేరేస్తే ఆగుతదేమో అడుగు."

"గేరేస్తవా అని అమ్మ అడుగుతాంది."

ఈ రాయబారం ముగిసేలోపే బంపరు వియ్యంకుడి కుర్చీని తాకింది. ఆయన లేస్తే ఒట్టు! ఇదొక మర్యాద అనుకున్నారో ఏమో, కప్పు పైకెత్తి, కాళ్లు లేపి, కుర్చీతో సహా ముందుకు సాగారు. అప్పటికి నా చేతికి గేరు దొరికింది. కారు ఓ కుదుపుతో ఆగింది గానీ, పందిరి గుంజ ఒరిగి, పందిరంతా మా ఇద్దరి మీదా వాలింది.

గుడ్డ కింది నుంచి వియ్యంకుడి గొంతు వినిపించింది. "చాయ్ ఒలకలే!"

బయటికొచ్చి చూస్తే మామగారి కళ్లలో నీళ్లు. అద్దె కారు కోసం ఫోను తీస్తున్నారు.

"తప్పయింది మామా. పొద్దటి నుంచి గాలి తీస్తనే ఉన్న, ఎందుకు పడలేదో!"

ఆయన గొంతు సవరించుకున్నారు. "స్క్రూ బిగించినంకనే కాలు తీయాలె అల్లుడుగారూ. ముందే తీస్తే గాలి మల్ల లోపలికి గుంజుకుంటది. పొద్దటి నుంచి మనం గాలి ఎక్కిస్తున్నం."

"మీకు తెలుసా!"

"మోకాళ్లు బాగున్నన్ని రోజులు నేనే చేసుకున్న."

"మరి చెప్పొద్దా మామా?"

"అల్లుడాయె. ఎట్ల చెప్త?"

ఆయన చేతులు పట్టుకున్నాను. "ఈ ఒక్క పూట కొడుకుననుకోండ్రి. నోటికొచ్చినట్టు తిట్టుండ్రి."

ఆయన కాసేపు మొహమాటపడ్డారు. తర్వాత, కారును మళ్లీ వాకిట్లోకి నెట్టించి సీట్లో కూర్చున్నారో లేదో, ఆయన కేకలకు గల్లీ అంతా దద్దరిల్లింది. "ఏయ్, బిగియ్ ముందు! బిగియ్ అంటే వినవడ్తలేదారా?" చీకటి పడకముందే పెడల్ రాయిలా గట్టిపడింది. ఇంతలో గుమ్మంలోంచి అత్తమ్మ, తొలిసారి, నేరుగా నాతోనే అంది. "వాకిలంత నూనె పోస్తానవ్, కండ్లు కనవడ్తలేవా?"

మర్నాడు మా మరదలు ఆ కారులోనే పోయింది, ఆగమన్నచోటల్లా ఆగుతూ. నేను బానెట్టు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. నన్ను తిట్టే హక్కున్న మనిషి పక్కన లేనిదే ఈ జన్మలో స్పానరు ముట్టను. అత్తారింట్లో ఇప్పుడు ఆ హక్కు అందరికీ ఉంది. స్పానరుతో పనిలేకుండానే రోజూ వాడుకుంటున్నారు.