ఇంజన్ వేడెక్కేదాకా జరిగిన కొట్లాట

మా వీధి చివరి షెడ్డులో కార్లు బాగుచేసే మనిషిని అందరూ పిడుగు మేస్త్రీ అంటారు. ఆయన చేతి దెబ్బలు తిన్న చెంపలు పెట్టిన పేరది. బేరమాడినవాణ్ణి కొట్టాడు. తుప్పు పట్టిన బోల్టును మొండిగా తిప్పి విరగ్గొట్టుకొచ్చినవాణ్ణి కొట్టాడు. కొట్టడానికి మనిషి దొరకని రోజున గోడను గుద్దుతాడు. అలా గుద్దీ గుద్దీ గోడకు గుంట పడితే, భార్య అందులో స్క్రూడ్రైవర్లు పెట్టుకుంటోంది.

షెడ్డులో కొలతలన్నీ ఆవిడవే. మేస్త్రీ చూపుడువేలు సగం ఎప్పుడో ఫ్యాను బెల్టు తినేసింది. మిగతా వేళ్లకు వెంట్రుకవాసి తేడా తెలియదు. ఆవిడకు తెలుస్తుంది.

ఆవిడ తమ్ముడు కొండదారి పోటీల్లో కారు నడుపుతాడు. పోయినేడు అవతలి షెడ్డువాడు అతని ఇంజన్ లోపల ఏమీ మార్చకుండానే టర్బో బిగించాడు. టర్బో అంటే ఇంజన్లోకి గాలి కుక్కే యంత్రం. ఎంత గాలి కుక్కితే లోపల పేలుడు అంత పెద్దది. ఎత్తు మలుపులో పిస్టన్‌ను పట్టుకునే రాడ్డు విరిగి, ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొచ్చింది. సలసల కాగే నూనె తొడ మీద పడితే ప్యాంటుతో పాటు తోలు ఊడొచ్చింది. మేస్త్రీ ఆసుపత్రికెళ్లి చేసిన పరామర్శ, కట్టు లేని కాలు మీద ఒక్కటివ్వడం.

ఇన్ని జరిగినా ఈ ఏడాది మళ్లీ టర్బో కావాలన్నాడు. రెండు పాత ఇంజన్లు కొనుక్కొచ్చాడు. ఒకటి పనికి, ఒకటి అవసరానికుంటుందని షెడ్డు మూలకి.

"ముందు లోపల గట్టిపడాలి. లేదంటే నా శవం మీంచి నడుపుకో," అంది అక్క.

మేస్త్రీ పాత రాడ్డును బల్లకున్న ఇనప దవడల వైసులో బిగించి, పొడుగాటి పైపు తగిలించి, బామ్మర్ది కళ్లముందే వంచేశాడు. "చూశావా? ఇదిరా నీ వెన్నుపూస."

గట్టి రాడ్లు, గట్టి పిస్టన్లు తెప్పించారు. పోత పోసినవి కావు, టన్నుల బరువుతో అదిమి చేసినవి. అలాంటి పిస్టన్లు మేస్త్రీ బిగించడం అదే మొదలు. వాటితో వచ్చిన కాగితం చదివి భార్య ఎంత చెబితే అంత ఖాళీ పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య వదిలాడు. "ఇంత సందా? ఎలక దూరుతుంది," అని సణుగుతూనే.

టర్బో పెట్టేముందు ఇంజన్‌ను ఒట్టిగా నడిపి చూసేరోజు, స్కూటర్ బ్రేకు పని మీద నేను అక్కడే ఉన్నాను. ఆవిడ కారు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. లోపల ఎవరో గిన్నెలు బాదుతున్నట్టు టకటకటక!

"ఏంటి బావా ఇది? ముసలి ట్రాక్టరు కూడా ఇంతకంటే మర్యాదగా దగ్గుతుంది!"

మేస్త్రీ ముఖం పాలిపోయింది. అరిగిన ఇంజన్ల చప్పుడది. బతుకంతా ఆయన మాన్పిన జబ్బే అది.

"నోర్మూసుకో."

"నాశనం చేశావు! ఆ మూలనున్న ఇంజన్‌కే టర్బో పెట్టించుకుంటా. రేపే. అవతలి షెడ్డువాడు ఇన్ని ప్రశ్నలు వెయ్యడు."

ఆ మాట పూర్తికాకముందే చెంప పగిలింది. బామ్మర్ది తలతో ఢీకొట్టాడు. మేస్త్రీ ముక్కు చిట్లింది. నట్ల డబ్బా బోర్లాపడి నేలంతా గలగలలు. మేస్త్రీ వాడి చెయ్యి వెనక్కి విరిచాడు. వాడు బావ తలను కారు తలుపుకేసి కొట్టాడు. బావ పన్నొకటి ఎగిరిపోయింది. విడదియ్యబోయి మోచేతి పోటు తిన్న నేను గ్రీజు డబ్బాలో కూలబడ్డాను. లేస్తే డబ్బా కూడా నాతోనే లేచింది.

"వదినా, చంపుకుంటారు! చెప్పవేం?" అని అరిచాను.

ఆవిడ ముందున్న, ఇంజన్ వేడి చూపే ముల్లు మీంచి చూపు తిప్పలేదు. "కాసేపు కొట్టుకోనివ్వండి. ఇంకా వేడెక్కలేదు."

బామ్మర్ది వైసులోంచి ఆ వంగిన రాడ్డు లాక్కుని బావ నెత్తిమీదికి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

ఆ టకటక లేదు. ఇంజన్ సన్నగా గురక పెడుతోంది.

మేస్త్రీ నెత్తురు మింగి చెవి ఒగ్గాడు. "ఏదీ?"

"ఈ పిస్టన్లు చల్లగా ఉంటే కొట్టుకుంటాయట, వేడికి ఉబ్బి సర్దుకుంటాయట. ఆ సందు అందుకే," అంది ఆవిడ. "పొద్దున చదివి వినిపించాను. రేడియో కట్టెయ్యమన్నావు."

బామ్మర్ది రాడ్డు దించాడు. "దీనికే పెట్టించుకుంటాలే బావా. కానీ అదీ ఉండనీ. ఎప్పుడైనా అవసరానికి..." అని మూలకి చూశాడు.

ఆవిడ కారు దిగింది. సమ్మెట తీసుకుని తిన్నగా మూలకెళ్లి, ఆ ఇంజన్ నడుమ్మీద వేసింది. రెండో దెబ్బకు బీట పడింది. ఆ తర్వాత కూడా ఆపలేదు. సిలిండర్లు ముక్కలై కాళ్ల దగ్గరికి దొర్లుతుంటే, అప్పటిదాకా కుత్తుకలు పట్టుకున్న ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని గోడ దాకా వెనక్కి నడిచారు.

"ఇప్పుడు పన్ను వెతుక్కోండి," అని సమ్మెట మొగుడి చేతిలో పెట్టింది.

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని నట్లు ఏరడం మొదలుపెట్టారు. నా బ్రేకు సంగతి ఆ రోజు నేను ఎత్తలేదు.