నెత్తుటి జాడ వెంట

నా చిన్నప్పుడు, పదేళ్ళయినా నిండకముందు, మేము వాషింగ్టన్ రాష్ట్రంలో అడవుల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా బాబాయి అక్కడి కలప కంపెనీలో ఇంజనీరు. తోటి పనివాళ్ళ దగ్గర జింకల వేట నేర్చుకున్నాడు. ఏడాదికి ఒక్క జింక, అదీ లైసెన్సు మీద. ఆ మాంసమే చలికాలమంతా వచ్చేది. ఆ ఏడు నేనూ వస్తానని ఏడ్చి, అమ్మ వద్దంటున్నా బయల్దేరాను.

చెట్లు కొట్టేసి నాలుగైదేళ్ళయిన చోటుకి తీసుకెళ్ళాడు. పెద్ద చెట్ల నీడ పోయాక అక్కడ లేత పొదలు మొలుస్తాయట, వాటిని మేయడానికి తెల్లవారుతూనే జింకలు అడవి అంచు దాటి వస్తాయట. మా వాసన జింకలకి అందకుండా, గాలి మా మొహానికి తగిలేలా ఒక పెద్ద మొద్దు వెనక కూర్చోబెట్టాడు. "మొత్తం జింక కోసం చూడకమ్మా, కనపడదు. చెవి కదులుతుందేమో, మొద్దుల మధ్య వీపు గీతలా ఉందేమో చూడు" అన్నాడు మెల్లగా. ఆ వారమంతా డబుల్ షిఫ్టులు చేశాడేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాత దెబ్బ తగిలిన మోకాలిని చేత్తో నొక్కుకుంటూ కూర్చున్నాడు.

రెండు గంటలు గడిచాయి. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు పొదల్లో ఒక చెవి కదిలింది. బాబాయి అప్పటికే తుపాకీ ఎత్తాడు. నేను మాత్రం ఆగలేక, "బాబాయ్, అదిగో!" అంటూ ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. అదే క్షణంలో తుపాకీ పేలింది. జింక ఎగిరిపడి, వెనక కాలు ఈడ్చుకుంటూ దిగువకి పారిపోయింది.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వెంటనే తరిమితే అది ఇంకా దూరం పోతుందని అరగంట కదలకుండా కూర్చున్నాడు. నేను వెక్కుతుంటే, "నీ తప్పు కాదు. పక్కన చిన్నపిల్ల ఉందని నాకు తెలుసు. ట్రిగ్గర్ మీద వేలు నాది" అన్నాడు.

జింక నిలబడ్డ చోట ఆకు మీద నెత్తుటి చుక్క కనిపించింది. అక్కణ్ణించి మొదలుపెట్టాం. కొట్టేసిన కొమ్మలు గుట్టలుగా పడున్నాయి, కాలు వేస్తే మోకాలి దాకా దిగబడేది. బాబాయి ఒక్కో అడుగుకీ ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వంగి వెతికేవాడు. వాన మొదలై చుక్కలు చెరిగిపోసాగాయి. మధ్యాహ్నానికి నేను తడిసిపోయి, ఇక నడవలేనని కూలబడ్డాను.

"ఇంటికెళ్ళిపోదాం బాబాయ్."

ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఆయనకీ లేవాలని లేదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. "మనం వెళ్ళగలం తల్లీ. అది వెళ్ళలేదు కదా" అని, తన కోటు నాకు కప్పి, లేచాడు.

వాగు పక్కన ఫెర్న్ మొక్కల్లో దొరికింది. బతికే ఉంది. నన్ను అటు తిరగమన్నాడు. తుపాకీ మోగాక నేను ఇటు తిరిగేసరికి ఆయన దాని పక్కన తల దించుకుని కూర్చున్నాడు. వేట దొరికిన సంతోషం ఆ మొహంలో ఏ కోశానా లేదు. దాన్ని రోడ్డు దాకా లాక్కురావడానికి సాయంత్రమైంది. ఇంట్లో అమ్మ ఇంత ఆలస్యమేమని అడిగితే, "నా గురి తప్పింది వదినా" అన్నాడు. నా మాట ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఆయన పోయేదాకా.

ఇప్పుడు నాకు అరవై దాటింది. డాక్టరుగా ఇంకా క్లినిక్‌కి వెళ్తున్నాను, అలసట మాత్రం నిద్రతో తీరడం లేదు. మొన్నామధ్య ఒక పెద్దావిడ రిపోర్టు చూడటంలో పది రోజులు ఆలస్యం చేశాను. ఆ పది రోజులూ ఆవిడ నొప్పి భరించింది. నర్సు చేత ఫోన్ చేయించవచ్చు, ఉత్తరం పంపించవచ్చు. పని ముగించుకుని నేనే కారులో వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు నాదేనని చెప్పాను. వాళ్ళమ్మాయి గుమ్మంలోనే నిలబెట్టి చాలా మాటలంది. కాళ్ళు లాగుతున్నాయి. ఆమె చెప్పాల్సిందంతా చెప్పేదాకా నేను అక్కడే నిలబడ్డాను.